చేనికి మురుగు కాలువ, కణానికి ప్రోటియాజోమ్

కోనసీమ నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. వారి తండ్రిగారికి మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్ అని తేలి, వారానికొక సూది వేస్తున్నారు. "ఈ మందు కణంలోని ప్రోటియాజోమ్ అనే దానిని ఆపుతుంది" అని డాక్టరుగారు చెప్పారట. ఇంటర్ చదివే వారి కుమారుడు ఆ మాట కంప్యూటరులో వెతికితే, మింకీ తిమింగలంలోని ప్రోటియాజోమ్ ఉపభాగాల పట్టిక కనబడిందట. "మా నాన్నగారి ఒంట్లో ఉన్నదీ, సముద్రంలో తిరిగే ఆ జంతువులో ఉన్నదీ ఒకటేనా? అది ఒంటికి మేలు చేసేదైతే దానిని ఆపే మందు ఎందుకు?" అని వారు అడిగారు.

రెండూ మంచి ప్రశ్నలు. డెల్టావారికి వీటి జవాబు చెప్పడం తేలిక, ఎందుకంటే మురుగు కాలువ అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలలో నీరు పారిన తరువాత కరవుసీమ ధాన్యపు కొట్టు అయినదని మన పిల్లలు పాఠాలలో చదువుతారు. కాటన్ దొరగారి విగ్రహానికి ఏటా దండలు వేస్తాము, వేయవలసిందే. అయితే మురుగు కాలువ త్రవ్వించినవారికి ఎవరైనా దండ వేయగా మేము చూడలేదు. ఊడ్చిన చేను వానకు మునిగి, మురుగు కదలక, నాటు కుళ్ళిపోయినప్పుడు గాని ఆ కాలువ గుర్తుకు రాదు. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకొన్న బాధలలో పూడిపోయిన డ్రెయిన్ల సంగతి కూడా ఉన్నది. జీవశాస్త్రంలోనూ చాలాకాలం ఇదే తంతు నడిచింది. కణం ప్రోటీనును ఎలా తయారు చేస్తుందో తెలుసుకోవడానికి గొప్ప గొప్పవారు పోటీపడ్డారు. తయారైనది ఎలా పోతుందని అడిగినవారు బహు కొద్దిమంది.

ప్రోటీను అనగానే మనకు పప్పు, గ్రుడ్డు, చేప గుర్తుకొస్తాయి. ఒంట్లో అయితే కండ ప్రోటీను, రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ ప్రోటీను, ఇన్సులిన్ ప్రోటీను, అన్నం అరిగించే ఎంజైములు ప్రోటీనులు. ఇరవై రకాల పూసలను రకరకాల వరుసలలో గుచ్చితే ఎన్ని దండలవుతాయో, ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో అన్ని ప్రోటీనులు. ఆ దండ మడతలు పడి ఒక ఆకారానికి వస్తేనే పని చేస్తుంది. మడత చెడితే పని చేయకపోవడమే కాదు, ప్రక్కవాటికి అంటుకొని ముద్దకట్టి కీడు చేస్తుంది.

ఇల్లు ఒకసారి కడితే గోడలు అలాగే ఉంటాయి, రోజూ తినేది పొయ్యిలో కట్టెల వంటిది అని 1930ల వరకు శాస్త్రజ్ఞులు తలచారు. జర్మనీ విడిచి న్యూయార్కు చేరిన రుడాల్ఫ్ షోన్‌హైమర్ ఆ తలంపును తలక్రిందులు చేశాడు. మామూలు నత్రజని కంటె కొంచెం బరువైన నత్రజనిని గుర్తుగా పెట్టిన అమైనో ఆమ్లాన్ని ఎలుకలకు మేతలో పెట్టి చూశాడు. అది కట్టెలాగా కాలి బయటికి పోలేదు. చాలా భాగం ఎలుకల ఒంటి ప్రోటీనులలోకి చేరింది, అంతమేరకు పాతది తొలగింది. అనగా గోడలోని ఇటుకలు రోజూ మారుతున్నాయి, గోడ మాత్రం నిలిచే ఉన్నది! ఎదిగిన మనిషి ఒంట్లో రోజుకు సుమారు 250 నుండి 300 గ్రాముల ప్రోటీను విరిగి, దాదాపు అంతే మళ్ళీ తయారవుతుందని నేటి లెక్క. మనం తినేది అందులో నాలుగవ వంతు ఉంటే గొప్ప. మిగిలినది విరిగిన పాతదానిలో నుండి వస్తుంది. పాత నావను విప్పి, చెడని పలకలను కొత్త నావకు వాడుకొనే పద్ధతి తాళ్ళరేవు వైపు పడవలు కట్టేవారికి తెలిసినదే. మురుగు కాలువ పోలిక ఈ ఒక్క చోట సరిపోదు. మురుగు సముద్రంలో కలిసిపోతుంది, కణంలో పలకలు తిరిగి చేతికొస్తాయి.

ఇక్కడొక చిక్కుముడి పడింది. 1953లో మెల్విన్ సింప్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఎలుక కాలేయపు పలుచని ముక్కలమీద పరీక్షలు చేసి, కణంలో ప్రోటీను విరగడానికి శక్తి ఖర్చవుతున్నదని చూపించాడు. కట్టడానికి ఖర్చు కావడం న్యాయం. కూల్చడానికి ఎందుకు? కడుపులో మాంసం అరిగేటప్పుడు ఇటువంటి ఖర్చేమీ లేదు. కొండ దిగే బండికి ఎద్దుల బలమెందుకని అడిగినట్టున్నది ఈ ప్రశ్న. దీనికి జవాబు దొరకడానికి పాతికేళ్ళు పట్టింది.

ఆ ఖర్చు ఏ నాణెంలో జరుగుతుందో చెప్పినవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టినవారు. ఇక్కడ కొంచెం ఆగుతాము, పాఠకులు ఓర్చుకోవాలి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువు రాజమహేంద్రవరంలో సాగింది, సాగిందనడం కంటె ఈడ్చిందనడం నిజం. ఇంట్లో వరుసగా చావులు, మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని దాటలేదు, అదీ మద్రాసు వెళ్ళిన తరువాత. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యునికి కోపం వచ్చింది. వ్రాత పరీక్షలు బాగానే వ్రాసినా ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టా చేతికిచ్చారు. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. వారిలో ఒకరిని తీసుకొనిపోయినది స్ప్రూ అనే విరేచనాల వ్యాధి. అనపర్తికి చెందిన మామగారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేయగా, 1922లో బోస్టను నగరంలో దిగారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేసుకొంటూ హార్వర్డులో చదివారు.

సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి ఆయన 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతితో కండను పరీక్షించగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. పూర్తిపేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, మూడు భాస్వరపు గుబ్బల తోక గల చిన్న పదార్థం. చివరి గుబ్బ ఊడినప్పుడు శక్తి విడుదలవుతుంది. కండ ముడుచుకొన్నా, మెదడు ఆలోచించినా, గర్భంలో శిశువు ఎదిగినా ఖర్చయ్యేది ఈ నాణెమే. ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఇది పావు కిలోకు మించి ఉండదు, కాని ఖర్చయినది ఖర్చయినట్టే తిరిగి తయారవుతూ ఒక రోజులో మన ఒంటి బరువుకు దగ్గరగా చేతులు మారుతుంది.

ఆయన తరువాత లెడర్లీ సంస్థలో చేరి చేయించిన పనులు వేరొక వ్యాసానికి సరిపడా ఉన్నాయి. సోదరుణ్ణి తీసుకొనిపోయిన స్ప్రూకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లం, దానినుండి పుట్టిన క్యాన్సర్ మందు మెథోట్రెక్సేటు అక్కడివే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, స్వదేశం మళ్ళీ చూడకుండానే ఆయన కన్నుమూశారు. 1995లో మన తపాలాశాఖ ఆయన బిళ్ళ వేసింది. గర్భిణీ స్త్రీలు ఆసుపత్రిలో ఫోలిక్ మాత్ర తీసుకొనేటప్పుడు ఈ పేరు ఎంతమందికి తెలుసునో మాకు అనుమానమే.

తిరిగి చిక్కుముడి దగ్గరకు వద్దాము. 1970లలో ఇశ్రాయేలు దేశపు హైఫా నగరంలో అవ్రామ్ హెర్ష్‌కో, ఆయన శిష్యుడు ఆరన్ చెకనోవర్ కుందేలు రక్తంలోని లేత ఎర్రకణాల రసాన్ని తీసి, రెండు భాగాలుగా వడగట్టారు. ఏ ఒక్క భాగమూ ప్రోటీనును విరగ్గొట్టలేదు. రెండూ కలిపి ఏటీపీ వేస్తే విరిగింది. అయితే మొదటి భాగంలో ఏదో చిన్న వస్తువు ఉన్నదన్నమాట. దానిని పట్టుకోవడానికి చెకనోవర్ ఆ భాగాన్ని మరిగించాడు. మామూలు ప్రోటీను అయితే గ్రుడ్డు తెల్లసొనలాగా గడ్డకట్టి చెడిపోవాలి. ఇది చెడలేదు! 76 అమైనో ఆమ్లాలే ఉన్న ఈ చిన్న ప్రోటీనును యుబిక్విటిన్ అంటారు. అమెరికాలో ఇర్విన్ రోజ్‌గారి ప్రయోగశాలలో కలిసి చేసిన పని వలన 1980 నాటికి సంగతి తేటపడింది. యుబిక్విటిన్ ఏ ప్రోటీనునూ విరగ్గొట్టదు. విరగవలసిన ప్రోటీనుకు గుర్తుగా అతుక్కొంటుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మున్సిపాలిటీవారు పడగొట్టవలసిన ఇళ్ళ గోడలమీద ఎర్రరంగుతో గుర్తు వేసిపోతారు కదా, అలాగన్నమాట. సాధారణంగా ఒక్క గుర్తు చాలదు, నాలుగైనా గొలుసుగా పడాలి.

ఖర్చు రహస్యం ఇక్కడున్నది. కడుపులో ఎంజైము ఎదురుపడిన ప్రోటీనునల్లా కొరుకుతుంది. కణంలో అలా కొరికితే కణమే మిగలదు. ఏది పోవాలో, ఎప్పుడు పోవాలో ఎంచవలసి ఉన్నది. ఆ ఎంపికకు, గుర్తు వేయడానికి, గుర్తుపడినదానిని విప్పి లోపలికి లాగడానికి ఏటీపీ ఖర్చవుతుంది. గుర్తు వేసే పనికి మనిషి జన్యువులలో ఆరువందలకు పైగా రకాల ఎంజైములున్నాయి, ఒక్కొక్కటి తనకు సంబంధించిన ప్రోటీనులనే చూసుకొంటుంది. ఇంతమంది గుమాస్తాలున్న కచేరీ మన జిల్లాలలో ఎక్కడా లేదు. ఈ పరిశోధనకు ముగ్గురికీ 2004లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

గుర్తుపడిన ప్రోటీను చేరే చోటే ప్రోటియాజోమ్. 1988లో ఈ పేరు పెట్టారు. దీని నడిమి భాగం నాలుగు కడియాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే బోలు పీపా. ఒక్కొక్క కడియానికి ఏడు ఉపభాగాలు, మొత్తం 28. చివరి రెండు కడియాలలోనివి ఆల్ఫా 1 నుండి 7, నడిమి రెండింటిలోనివి బీటా 1 నుండి 7. ఆల్ఫావి ద్వారపాలకులు. వాటి కొసలు రంధ్రానికి అడ్డంగా పడుకొని ఉంటాయి గనుక దారినపోయే ప్రోటీను పొరపాటున లోపల పడదు. కోసే పళ్ళు బీటా కడియాలలో, పీపా లోపలివైపుకు ఉన్నాయి. అదీ ఏడింటిలో మూడింటికే, బీటా 1, బీటా 2, బీటా 5. ఈ మూడూ మూడు రకాల పూసల దగ్గర కోస్తాయి. ఎటువంటి దండ వచ్చినా ఏదో ఒక పన్నుకు దొరుకుతుంది. మిగిలిన నాలుగు బీటాలు కోయవు, అవి లేకపోతే కడియం నిలవదు.

పీపా మూతిమీద ఒక తల కూర్చుంటుంది. దానిలో పందొమ్మిది రకాల ఉపభాగాలదాకా లెక్కపెట్టారు. కొన్ని యుబిక్విటిన్ గుర్తును పట్టుకొంటాయి. ఒకటి ఆ గుర్తును ఊడబెరికి తిరిగి వాడుకకు పంపుతుంది, కణం దుబారా చేయదు. ఆరు ఉపభాగాలు ఉంగరంగా కూడి ఏటీపీని ఖర్చుచేస్తూ ప్రోటీను మడతలు విప్పి, దారంలా చేసి, పీపాలోకి దూరుస్తాయి. చెరకు గానుగలోకి గడను అందించే చేతులనుకోండి. గానుగకు రెండు తలలుండవుగాని దీనికి అటు ఒకటి ఇటు ఒకటి ఉండవచ్చు. బయటికి వచ్చేవి మూడు మొదలు ఇరవై అయిదు పూసల దాకా పొడవున్న తునకలు, సగటున ఎనిమిది తొమ్మిది. వేరే ఎంజైములు వాటిని విడి పూసలు చేస్తాయి. కొన్ని తునకలను మాత్రం కణం తన గడపమీద ప్రదర్శనకు పెడుతుంది. లోపల వైరసు ఉంటే దాని తునకలు కూడా అందులో కనబడతాయి, రక్షణ కణాలు చూసి పసిగడతాయి.

ఇప్పుడు తిమింగలం. తిమింగలమనగానే ఆదివారపు బడి పిల్లలకు యోనా గుర్తుకొస్తాడుగాని, మేము చెప్పేది మన బంగాళాఖాతంలో తిరిగే జంతువు సంగతి. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల తిమింగలం కళేబరం కొట్టుకొనివస్తే జనం బారులు తీరి చూశారు. నీలి తిమింగలమని పత్రికలు వ్రాశాయి. చేపలా కనబడినా అది పిల్లలకు పాలిచ్చే జంతువు. శాస్త్రజ్ఞులు నీటిగుర్రం, ఆవు ఉన్న గుంపులోనే దానిని చేర్చుతారు. ఆ మాటకొస్తే మనుషులు మొట్టమొదట ఆకారం చూడగలిగిన ప్రోటీను కూడా తిమింగలానిదే. కండలో ప్రాణవాయువును నిలవచేసే మయోగ్లోబిన్‌ను స్పెర్మ్ తిమింగలం మాంసం నుండి తీసి, 1958లో జాన్ కెండ్రూ దాని రూపాన్ని తేల్చాడు. గంటకు పైగా ఊపిరి బిగబట్టి మునిగే జంతువు గనుక దాని కండలో అది పుష్కలం.

మింకీ తిమింగలపు జన్యులిపిని దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు చదివి 2014లో ప్రకటించారు. కుమారుడు చూసినటువంటి పట్టికలలోని పేర్లు చాలావరకు ఒక జంతువును కోసి, యంత్రాన్ని వెలికితీసి, లెక్కపెట్టి వ్రాసినవి కావు. జన్యులిపిలో మనిషి ఉపభాగాలకు సరిపోలే చోట్లు వెతికి, అవే పేర్లు తగిలించినవి. పీఎస్ఎంఏ అంటే ఆల్ఫా ఉపభాగాలు, పీఎస్ఎంబీ బీటావి, పీఎస్ఎంసీ ఏటీపీ ఖర్చుచేసే ఆరు, పీఎస్ఎండీ తలలోని మిగిలినవి. కనుక సహోదరి మొదటి ప్రశ్నకు జవాబు, ఔను, ఒకటే యంత్రం. పులిసిన పిండిలో ఉండే ఈస్టుకు కూడా పీపాలో ఇవే నాలుగు కడియాలు, ఇవే పద్నాలుగు రకాల ఉపభాగాలు. ఆవు కాలేయం నుండి తీసిన ప్రోటియాజోమ్ రూపం 2002లో చూశారు, మన దానికి నకలులాగా ఉన్నది. పట్టికలో పీఎస్ఎంబీ 5 అన్న పేరు చూడమని అబ్బాయితో చెప్పండి. తాతగారి సూది పట్టుకొనేది ఆ ఉపభాగాన్నే.

తిమింగలాల మీద శాస్త్రజ్ఞులకు ఇంత ఆసక్తి ఎందుకంటే, ఒంటి పరిమాణాన్నిబట్టి చూస్తే వాటికి క్యాన్సర్ రావలసినంతగా రాదు. ఆయుష్షు కూడా గొప్పది. ఉత్తర ధ్రువ సముద్రాలలో ఉండే బోహెడ్ తిమింగలం రెండువందల ఏళ్ళు దాటి బ్రతకగలదు. 2007లో అలాస్కాలో పట్టిన ఒకదాని ఒంట్లో 1800ల చివరినాటి ఈటె ముక్క దొరికింది. దాని జన్యులిపి 2015లో వచ్చింది. దెబ్బతిన్న జన్యువులను బాగుచేసుకొనే ఏర్పాట్లలో ప్రత్యేకతలు అందులో కనబడ్డాయి. ప్రోటియాజోమ్ వంతు ఎంతో తిమింగలంలో ఇంకా తేల్చవలసి ఉన్నదిగాని, ముప్ఫై ఏళ్ళు బ్రతికే నేకెడ్ మోల్ ర్యాట్ అనే బొరియ ఎలుకలో ఈ యంత్రం మామూలు ఎలుకలో కంటె చురుకుగా పనిచేస్తుందని 2009లో చూపించారు.

బోహెడ్ వయసు ఎలా కట్టారో చెబితే మా మాట ఇంకా తేటపడుతుంది. కంటి లోపలి లెన్సు నడిమి భాగంలోని ప్రోటీను తల్లి కడుపులో ఉండగా తయారవుతుంది. అక్కడ పాతది తీసి కొత్తది పెట్టడమనేది లేదు. ఒళ్ళంతా ఇటుకలు మారుతుండగా ఆ చిన్న చోట మాత్రం పుట్టుకనాటి ఇటుకలే. ఏళ్ళు గడిచేకొద్దీ వాటిలో ఒక అమైనో ఆమ్లం ఎడమచేతి వాటం నుండి కుడిచేతి వాటానికి కొద్దికొద్దిగా తిరుగుతుంది. ఎంత తిరిగిందో కొలిచి, 1999లో ఒక మగ బోహెడ్‌కు 211 ఏళ్ళని అంచనా వేశారు. మురుగు కాలువ లేని చోటే వయసు వ్రాసిపెట్టి ఉన్నదన్నమాట. మన పెద్దలకు శుక్లాలు వచ్చేది కూడా ఆ లెన్సులోనే.

ఈ యంత్రం దారితప్పితే వచ్చే కీడుకు ఒక్క ఉదాహరణ చెబుతాము, తల్లులు శ్రద్ధగా చదవాలి. కణం అదుపు తప్పకుండా కాపలాకాసే పీ53 అనే ప్రోటీను ఉన్నది. హెచ్‌పీవీ అనే వైరసులలో కొన్ని రకాలు కణంలో చేరి, మన గుర్తువేసే ఎంజైమునే లొంగదీసుకొని, ఆ కాపలాదారు మీద యుబిక్విటిన్ ముద్ర వేయిస్తాయి. ప్రోటియాజోమ్ తన పని తాను చేస్తుంది, కాపలాదారు పోతాడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారి వేసే పనులలో ఇది ముఖ్యమైనది. దీనికి టీకా ఉన్నది. 9 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేయిస్తే ఎక్కువ మేలు. పెళ్ళికి బంగారం కూడబెట్టే ఇంట్లో ఈ టీకాకు వెనుకాడడం మాకు నచ్చని సంగతి.

ఇక రెండవ ప్రశ్న. మేలుచేసే కాలువను మందుతో ఎందుకు మూయాలి?

మైలోమా పుట్టేది ప్లాస్మా కణాలలో. ఇవి ఎముక మూలుగలో ఉండి, రోగాలతో పోరాడే యాంటీబాడీలనే ప్రోటీనులను తయారుచేస్తాయి. క్యాన్సర్ పట్టిన ప్లాస్మా కణం రాత్రింబవళ్ళు ఒకే రకం ప్రోటీనును పోగులుపోగులుగా చేస్తూ ఉంటుంది. తయారీ అంత ఎక్కువైతే మడత చెడినవీ అంతే ఎక్కువ. వాటిని తోసివేయడానికి దాని ప్రోటియాజోములు ఊపిరి సలపకుండా పనిచేయాలి. మురుగు కాలువకు అడ్డుకట్ట వేస్తే అన్ని చేలూ ఇబ్బంది పడతాయి, కాని నిండుగా నీరు పెట్టుకొన్న పల్లపుచేను ముందు మునుగుతుంది. బోర్టెజోమిబ్ చేసేది అదే. బోరాన్ అణువు ఒకటి గల ఈ చిన్న మందు బీటా 5 పన్నును పట్టుకొని కొంతసేపు కోయనివ్వదు. ప్లాస్మా క్యాన్సర్ కణాలు తమ చెత్తలో తామే మునిగి చనిపోతాయి. ఇతర కణాలు మందు వదిలిన తరువాత తేరుకొంటాయి. అందుకే సూదికీ సూదికీ మధ్య ఎడం ఇస్తారు.

అమెరికా ప్రభుత్వం 2003లో ఈ మందుకు అనుమతి ఇచ్చింది. తరువాత ఇదే కోవలో మరి రెండు మందులు వచ్చాయి. బోర్టెజోమిబ్‌ను ఇప్పుడు హైదరాబాదు కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి గనుక వెల తొలినాళ్ళంత లేదు. దీనితో మైలోమా పూర్తిగా పోతుందని వైద్యులు చెప్పరు. ఇతర మందులతో కలిపి ఇస్తే చాలామందిలో ఏళ్ళ తరబడి అదుపులో ఉంటుంది. కొందరిలో కొంతకాలానికి పట్టు తప్పుతుంది. అటువంటి కొన్ని కణాలలో బీటా 5 రూపమే కొద్దిగా మారి, మందు చేతికి చిక్కడం లేదని కనుగొన్నారు. అప్పుడు డాక్టరు మందు మార్చుతారు.

తండ్రిగారిని చూసుకొనేవారు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. అరికాళ్ళు, వేళ్ళ కొసలు తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టుండడం ఈ మందుతో తరచుగా వచ్చే బాధ. పెద్దలు "వయసులో ఇవి మామూలే" అని చెప్పకుండా దాచుతారు. దాచనివ్వకండి. మొదట్లోనే తెలిస్తే మోతాదు తగ్గించి, ఎడం పెంచి సరిచేస్తారు, ముదిరితే తగ్గడం కష్టం. నరంలోకి కాక చర్మం క్రింద వేస్తే ఈ బాధ తక్కువని తేలి, 2012 నుండి అలా వేయడానికి కూడా అనుమతి ఉన్నది. ఏ విధంగా వేస్తున్నారో అడిగి తెలుసుకోండి. ఒంటికి ఒక ప్రక్క వరుసగా పొక్కులు లేస్తే, అనగా సర్పి వస్తే, ఇంటి వైద్యం చేయక ఆ రోజే చూపించాలి. అది రాకుండా చాలామందికి ముందే మాత్రలు వ్రాస్తారు, వాటిని మానరాదు. విరేచనాలు గాని మలబద్ధకం గాని పట్టుకొంటే, నిలబడగానే కళ్ళు తిరిగితే చెప్పాలి. బంధువులు తెచ్చి ఇచ్చే గ్రీన్ టీ పొట్లాలు ప్రక్కన పెట్టండి, అందులోని ఒక పదార్థం బోర్టెజోమిబ్‌లోని బోరాన్‌ను పట్టుకొని మందు పని చెడగొడుతుందని ప్రయోగశాలలో తేలింది. విటమిన్ సి మాత్రలు కూడా అడగకుండా వేయవద్దు. మామూలు టీ, భోజనంలో పండు సంగతి డాక్టరుగారినే అడగండి. ఆ చీటీ రాసుకొని, తరువాతి సూదికి వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టుకొనిపోవడం మంచిది, అక్కడికి వెళ్ళాక సగం ప్రశ్నలు మరచిపోతాము.